పాడిగేదెను అమ్మి కట్టిన వాయిదా

బ్యాంకులో చేరిన మూడో ఏడు. గోదావరి పక్కన ఒక చిన్న ఊరి బ్రాంచి. మార్చి నెలాఖరు, రికవరీల హడావిడి. ఒక రైతు వచ్చి పాత బాకీతో సహా వాయిదా మొత్తం ఒకేసారి కౌంటర్ మీద పెట్టాడు. ఎప్పుడూ బతిమాలించుకునే మనిషి. "ఎలా సర్దావు బాబాయ్?" అన్నాను రసీదు రాస్తూ. "గేదెను తోలేశానండి" అన్నాడు. మంచి పని చేశావు, అప్పు తీరితే కంటికి నిద్ర పడుతుంది అన్నాను. ఆ ఇల్లు గడిచేదే ఆ గేదె పాల మీద అన్న సంగతి నాకు తెలియక కాదు. ఆ రోజు నాకు కావలసింది రికవరీ అంకె. మరుసటి ఏడాది ఆయన ఖాతా మొండి బాకీల జాబితాలోకి ఎక్కింది. ఆ జాబితా టైపు చేసింది కూడా నేనే.

ఇది వ్యవసాయం మీద రాస్తున్నది కాదు, ఫుట్‌బాల్ మీద. కానీ అప్పుల్లో మునిగిన క్లబ్బు గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు ఆ గేదే గుర్తొస్తుంది. "ఖర్చులు తగ్గించుకోవాలా, పెట్టుబడి పెట్టాలా" అని టీవీల్లో గంటలు గంటలు వాదించుకుంటారు. అప్పులిచ్చే కుర్చీలో ఇన్నేళ్లు కూర్చున్నవాడిగా నాకు ఆ ప్రశ్నే తప్పుగా కనిపిస్తుంది. రెండూ చెయ్యాల్సిందే. ఏది కోశావు, ఏది తాకట్టు పెట్టావు, ఎన్నేళ్లకు పెట్టావు అన్నది అసలు లెక్క.

నేను స్పెయిన్ క్లబ్బు బార్సిలోనా అభిమానిని. 2006లో రొనాల్డీన్యోను చూసి తగులుకున్న జబ్బు. అర్ధరాత్రి ఒంటిగంటన్నరకి లేచి, ఇంట్లోవాళ్లు లేవకుండా సౌండు తగ్గించుకుని చూసే మ్యాచులు. మా అబ్బాయికీ అంటించాను. అందుకే 2021 ఆగస్టులో అధ్యక్షుడు జువాన్ లపోర్టా విలేకరుల ముందు కూర్చుని క్లబ్బు అప్పు 135 కోట్ల యూరోలని, జీతాల బిల్లు ఆదాయంలో 103 శాతమని చెప్పినప్పుడు మ్యాచ్ ఓడిపోయినదాని కన్నా ఎక్కువ బాధేసింది. 103 శాతం! వంద రూపాయలు సంపాదించి జీతాలకే నూట మూడు ఇవ్వడం. కరెంటు బిల్లు, వడ్డీ, గడ్డి కోత యంత్రం ఇంకా లెక్కలోకే రాలేదు. ఇలాంటి కాగితం మా బ్రాంచికి వచ్చుంటే రెండో పేజీ తిప్పేవాణ్ణి కాదు.

కోవిడ్ వల్ల అంటారు. ఖాళీ స్టేడియాల దెబ్బ నిజమే. 2020-21లో నష్టం 48.1 కోట్ల యూరోలు. కానీ ఇంటికి చెద అంతకుముందే పట్టింది, వాన వచ్చి గోడ కూల్చింది. 2017లో బార్సిలోనా నుంచి నెయ్‌మార్‌ను పారిస్ క్లబ్బు 22.2 కోట్ల యూరోలకు ఎగరేసుకుపోయింది. ఆటగాడి ధరల్లో అది ఇప్పటికీ రికార్డు. అంత డబ్బు ఒక్కసారిగా చేతిలో పడితే మనిషి ఎలా ప్రవర్తిస్తాడో నేను చూశాను. రోడ్డు విస్తరణలో భూమి పోయి పరిహారం చెక్కు వచ్చిన ఊళ్లలో మూడు నెలలపాటు కార్ల షోరూము వాళ్లే తిరుగుతారు. అమ్మేవాడికి నీ జేబులో ఎంతుందో తెలిసిపోతుంది. డెంబెలేకు పది కోట్లకు పైగా, కుటీన్యోకు అంతకన్నా ఎక్కువ, 2019లో గ్రీజ్‌మన్‌కు 12 కోట్లు పోసి బార్సిలోనా కొంది. కుటీన్యోను చివరికి 2022లో ఇంగ్లండ్ క్లబ్బుకు అమ్మితే వచ్చింది రెండు కోట్లు.

ఇక్కడ కాస్త లెక్కల గురించి చెప్పాలి, ఎందుకంటే మోసమంతా అక్కడే దాక్కుంటుంది. ఆటగాణ్ణి కొంటే ఆ ధర మొత్తం ఆ ఏడు ఖర్చుగా రాయరు. ఒప్పందం ఎన్నేళ్లో అన్నేళ్లకు పంచుతారు. 12 కోట్ల మనిషికి ఐదేళ్ల ఒప్పందమైతే ఏటా 2.4 కోట్లే ఖర్చు. కానీ ఆటగాణ్ణి అమ్మితే లాభమంతా ఆ ఏడే పడుతుంది. అంటే కొన్నది వాయిదాల్లో, అమ్మింది రొక్కంలో. ఇది తప్పు పద్ధతేమీ కాదు, ట్రాక్టరు కొన్నా అలాగే రాస్తాం. కానీ ఈ పద్ధతి చేతికిచ్చి, లెక్కల ఏడు ముగిసే జూన్ 30 లోపు లాభం చూపించు అంటే ఏమవుతుందో 2020లో చూశాం. బార్సిలోనా ఆర్థర్‌ను ఇటలీ క్లబ్బు యువెంటస్‌కు 7.2 కోట్లకు అమ్మింది, యువెంటస్ నుంచి పియానిచ్‌ను 6 కోట్లకు కొంది. ఆర్థర్‌కు 23 ఏళ్లు, పియానిచ్‌కు 30. నా మేకను నువ్వు లక్షకు కొను, నీ మేకను నేను తొంభై వేలకు కొంటాను, ఇద్దరం లాభం వచ్చిందని ఊళ్లో చెప్పుకుందాం అన్నట్టు. దొడ్లో చూస్తే ఒక మేక పోయి ఒక మేక వచ్చింది. వచ్చింది ముసలి మేక.

అదే ఏడు అక్టోబరులో ఇంకో పని చేశారు. పెద్ద ఆటగాళ్లకు ఒప్పందాలు పొడిగించి, ఇప్పటి జీతాన్ని రాబోయే ఏళ్లలోకి తోశారు. పిల్లాడి ఫీజు కట్టలేక పెళ్లి ఖర్చుల్లో కలిపేసుకున్నట్టు. ఆ జీతాలు రెండేళ్లకు తిరిగొచ్చి వీపున పడ్డాయి. అప్పుడు వాళ్లలో ఒకడైన ఫ్రెంకీ డి యోంగ్‌ను అమ్మేయాలా, జీతం తగ్గించుకోమని బతిమాలాలా అని ఒక వేసవంతా గడిపారు. మా భాషలో దీన్ని రీషెడ్యూల్ అంటాం. కాగితం మీద ఖాతా ఆరోగ్యంగా ఉంటుంది. అప్పు మాత్రం లోపల పొదుగుతూనే ఉంటుంది.

ఇక కోతలు. మెస్సీని కోయడమే అన్నిటికన్నా పెద్ద కోత. 2021 ఆగస్టు 8, ఆదివారం మధ్యాహ్నం, మా ఇంట్లో భోజనాలయ్యాక ముగ్గురం టీవీ ముందున్నాం. ఫుట్‌బాల్ అంటే కిట్టని మా ఆవిడ కూడా కూర్చుంది. వీడ్కోలు సభలో మెస్సీ కళ్లు తుడుచుకుంటుంటే ఆవిడ "అంత ఏడుస్తున్నాడు, ఉంచుకోవచ్చుగా" అంది. ఉంచుకోలేరు. స్పెయిన్ లీగ్ అయిన లా లీగాలో ఒక్కో క్లబ్బు ఆదాయాన్ని, అప్పుల్ని చూసి ఆటగాళ్ల మీద ఎంత ఖర్చు పెట్టొచ్చో ముందే గీత గీస్తారు. ఆ గీత దాటితే ఆటగాణ్ణి నమోదు చేయరు. మెస్సీ జీతం సగానికి తగ్గించుకున్నా చోటు లేదు.

నా మాట అభిమానులకు నచ్చదు, కానీ ఆ కోత సరైనదే. చేసిన తీరు, చేసిన కాలం తప్పు. 34 ఏళ్ల మనిషి, ప్రపంచంలోకెల్లా పెద్ద జీతం. నాలుగేళ్లకు 55 కోట్లకు పైగా విలువైన ఆయన ఒప్పందం అంతకుముందే ఒక స్పెయిన్ పత్రికలో అచ్చయింది. 2020 ఆగస్టులో వెళ్తానని ఆయనే లిఖితంగా కబురు పెట్టినప్పుడు పట్టు పట్టి ఆపారు. ఏడాది తర్వాత ఒక్క యూరో కూడా రాకుండా పంపారు. కోయాల్సిన కొమ్మను కోయాల్సినప్పుడు కోయకపోతే అది మీద విరిగి పడుతుంది.

కోయనిది ఏమిటో కూడా చెప్పాలి. నా లెక్కలో అదే ఆ క్లబ్బును బతికించింది. కుర్రాళ్లను తయారుచేసే లా మాసియా అకాడమీని ముట్టుకోలేదు. లామిన్ యమాల్ 2023 ఏప్రిల్‌లో పదిహేనేళ్ల వయసులో మొదటి జట్టులోకి వచ్చాడు. గావి, బాల్దే, కుబార్సీ, ఫెర్మిన్ అందరూ ఆ దొడ్డి నుంచే. పెద్రీని లాస్ పాల్మాస్ నుంచి 50 లక్షల యూరోలు చేతిలో పెట్టి తెచ్చారు. గ్రీజ్‌మన్ ధరలో ఇరవై నాలుగో వంతు! ఒక క్లబ్బులో ఒకే ఏడు, 2019లో, ఈ రెండు కొనుగోళ్లూ జరిగాయి. బుర్ర ఉన్న చోటే బుర్ర లేకపోవడం అంటే ఇదే. పంట ఎంత పోయినా విత్తనాల గాదెలో చెయ్యి పెట్టకూడదని మా తాత అనేవాడు. బార్సిలోనా పెద్దలు ఎన్ని పిచ్చి పనులు చేసినా ఆ గాదె మూత మాత్రం తియ్యలేదు.

అయితే 2022 వేసవిలో వాళ్లు పొలం కాగితాలు బయటికి తీశారు.

లపోర్టా దానికి పెట్టిన పేరు పలాంకా. అంటే మీట. బండరాయిని కదిలించే గునపం లాంటిది. ఆ మార్చిలో లా లీగా గీసిన గీత ప్రకారం బార్సిలోనా ఖర్చు పరిమితి మైనస్ 14.4 కోట్లు. మైనస్! సెప్టెంబరు కల్లా అదే పరిమితి 65.6 కోట్లైంది. మధ్యలో ఏమైందంటే, లీగ్ టీవీ హక్కుల ఆదాయంలో నాలుగో వంతును పాతికేళ్లపాటు సిక్స్త్ స్ట్రీట్ అనే అమెరికా పెట్టుబడి సంస్థకు అమ్మారు. ముందు పది శాతం, మూడు వారాలు దాటగానే ఇంకో పదిహేను. క్లబ్బు వీడియోలు తీసే బార్సా స్టూడియోస్‌లో 49 శాతాన్ని 20 కోట్లకు ఇద్దరికి అమ్మారు. ఆ డబ్బులో పెద్ద ముక్క గడువుకి రాలేదు. చివరికి దాని విలువను పుస్తకాల్లో తగ్గించి రాయాల్సొచ్చి 2023-24లో క్లబ్బు మళ్లీ నష్టంలోకి జారింది.

అసలు తమాషా ఇంకొకటుంది. 2021 ఆగస్టులో లా లీగా స్వయంగా సీవీసీ అనే పెట్టుబడి సంస్థతో ఒప్పందం తెచ్చి, టీవీ ఆదాయంలో కొంత వాటాను యాభై ఏళ్లకు ఇస్తే ఇప్పుడే డబ్బిస్తాం అంది. లపోర్టా కాదన్నాడు. క్లబ్బు హక్కుల్ని అర్ధ శతాబ్దానికి తాకట్టు పెట్టలేనన్నాడు. ఎంత గర్వంగా అనిపించిందో! పది నెలలు గడిచాక పాతికేళ్లకు పెట్టాడు. ఆ పాతికేళ్లు 2047లో తీరతాయి. అప్పటికి లామిన్ యమాల్‌కు నలభై ఏళ్లొస్తాయి. నేను ఉంటే ఉంటాను.

ఇక్కడ మా అబ్బాయికీ నాకూ పడదు. వాడి వాదన సూటిగా ఉంటుంది: మీటలు నొక్కారు, లెవాండోస్కీ, రఫీన్యా, కుందే వచ్చారు, 2023లో లీగ్ గెలిచారు, 2025లో లీగ్‌తో పాటు స్పెయిన్ కప్పు కోపా కూడా గెలిచారు, గెలిస్తే ఆదాయం, ఆదాయం వస్తే అప్పు తీరుతుంది, ఇంకేం కావాలి? వాడి మాటలో పస లేదనను. 2025 ఏప్రిల్‌లో కోపా ఫైనల్లో రియల్ మాడ్రిడ్ మీద అదనపు సమయంలో గెలుపు గోలు కొట్టింది కుందేనే. ఆ సీజన్‌లో రఫీన్యా ఆడిన ఆట చూసి నేనే నోరెళ్లబెట్టాను. కొనేటప్పుడు కుందేకు 23 ఏళ్లు, రఫీన్యాకు 25. ఇప్పటికీ అమ్మితే డబ్బొచ్చే ఆస్తులు. పొలంలో కొంత కుదువ పెట్టి బోరు వేయించినట్టు. ఒప్పుకుంటాను.

కానీ లెవాండోస్కీ సంగతి? 34వ పుట్టినరోజుకు నెల ముందు, నాలుగున్నర కోట్లు పోసి, పెద్ద జీతం ఇచ్చి తెచ్చారు. గోళ్లు కొరుక్కునేలా గోల్స్ కొట్టాడు, కాదనను. ఒక్క యూరో తిరిగి రాని కొనుగోలు అది. మూడు నాలుగేళ్లలో అరిగిపోయే వస్తువుకు పాతికేళ్ల ఆదాయం పెట్టడం ఏ బ్యాంకు మాన్యువల్లోనూ ఒప్పుకోరు. పంట రుణం పంటతో తీరాలి. ఏళ్ల తరబడి పండే కొబ్బరి తోటకైతే ఎక్కువ ఏళ్ల గడువు ఇస్తాం. వంకాయ నారుకి పాతికేళ్ల అప్పిస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు.

ఈ లెవాండోస్కీ పేరు దగ్గరే నాకు ఇంకో క్లబ్బు గుర్తొస్తుంది.

బొరూసియా డార్ట్‌మండ్. 2000లో షేర్ మార్కెట్‌కు వెళ్లిన మొదటి జర్మన్ క్లబ్బు. 11 యూరోలకు షేరు అమ్మి, ఆ డబ్బుతో అమొరోసో లాంటి తారల్ని కొని, 2002లో లీగ్ గెలిచింది. ఖర్చు ఆగలేదు. స్టేడియాన్ని ఒక రియల్ ఎస్టేట్ ఫండ్‌కు అమ్మి అందులోనే అద్దెకున్నారు. సొంతిల్లు అమ్మి అదే ఇంట్లో అద్దెకుండటం ఎప్పుడూ మంచి శకునం కాదు. 2003లో బెల్జియం క్లబ్బు బ్రూజ్ చేతిలో ఓడి యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లోకి వెళ్లలేకపోయారు. వస్తుందనుకుని ముందే ఖర్చు పెట్టేసిన డబ్బు అది. బయెర్న్ మ్యూనిక్, అంటే ప్రధాన శత్రువు, 20 లక్షల యూరోలు చేబదులు ఇచ్చిందని ఏళ్ల తర్వాత బయెర్న్ పెద్ద ఊలి హోనెస్ బయటపెట్టాడు. పక్క పొలం వాడు, గట్టు తగాదా ఉన్నవాడు, విత్తనాలకు డబ్బిచ్చినట్టు.

2005 మార్చి 14న డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో ఆ ఫండ్ మదుపుదారులు కూర్చున్నారు. అద్దెల వాయిదాకు, పునరుద్ధరణ పథకానికి వాళ్లు ఒప్పుకోకపోతే క్లబ్బు ఆ రోజుతో సరి. ఒప్పుకున్నారు. ఆటగాళ్లు జీతాల్లో 20 శాతం వదులుకున్నారు. ఆ ఫిబ్రవరిలోనే పగ్గాలు పట్టిన హాన్స్ యోఆఖిమ్ వాట్స్కే స్టేడియం పేరును ఒక బీమా సంస్థకు ఇచ్చాడు. 2006లో మోర్గాన్ స్టాన్లీ దగ్గర 7.9 కోట్ల అప్పు తీసుకుని స్టేడియాన్ని తిరిగి కొన్నాడు. గమనించండి, అప్పుల్లో ఉండగానే మళ్లీ అప్పు చేశాడు. కానీ దేనికి? అద్దె ఆగిపోయే ఆస్తికి. ఆ రోజు ఆయన దరఖాస్తు నా టేబుల్ మీదికి వచ్చుంటే సంతకం పెట్టేవాణ్ణి.

ఆ తర్వాత ఏళ్లు చప్పగా గడిచాయి. ఏడో స్థానం, తొమ్మిదో స్థానం, 2008లో పదమూడో స్థానం. ఇక్కడ ఆగి చూడాలి, ఎందుకంటే కోతల గురించి మాట్లాడేవాళ్లు ఈ ఏళ్లను ఎగరగొట్టేస్తారు. కోత అంటే ఇదే. నాలుగేళ్లు ఇలాంటి స్థానాల్ని భరించే జనం ఉండాలి. డార్ట్‌మండ్‌లో ఉన్నారు. ఆ చప్పటి ఏళ్లలో కూడా మ్యాచ్‌కు 70 వేలకు పైగా వచ్చేవారు. బార్సిలోనాలో సభ్యులే యజమానులు, అధ్యక్షుణ్ణి వాళ్లే ఎన్నుకుంటారు. "నాలుగేళ్లు ఓపిక పట్టండి, ఏమీ గెలవం" అని పోస్టరు వేసుకున్నవాడికి అక్కడ డిపాజిట్ కూడా దక్కదు. సర్పంచి ఎన్నికల్లో ఇంటిపన్ను పెంచుతానని చెప్పి ఎవరైనా గెలిచారా? లపోర్టాను తిట్టేముందు నేను దీన్ని గుర్తుచేసుకుంటాను, అయినా తిడతాను.

2008లో మైంజ్ క్లబ్బు నుంచి యూర్గన్ క్లాప్ కోచ్‌గా వచ్చాడు. హుమ్మెల్స్‌ను బయెర్న్ వదులుకుంటే పట్టుకున్నారు. జపాన్ నుంచి కగావాను మూడున్నర లక్షల యూరోలకు తెచ్చారు. పోలండ్ నుంచి 21 ఏళ్ల ఫార్వర్డ్ ఆటగాణ్ణి సుమారు 45 లక్షలకు తెచ్చారు. ఆ కుర్రాడే రాబర్ట్ లెవాండోస్కీ. 2011లో లీగ్, 2012లో లీగ్‌తో పాటు కప్పు. కప్పు ఫైనల్లో బయెర్న్‌ను 5-2తో కొట్టారు, మూడు గోల్స్ అతనివే. డార్ట్‌మండ్ 21 ఏళ్లప్పుడు 45 లక్షలకు కొన్న మనిషిని, బార్సిలోనా 33 ఏళ్లప్పుడు పది రెట్లు పెట్టి కొంది. ఈ వాక్యం రాయడానికే ఇంత దూరం వచ్చానేమో. డెంబెలే సంగతి కలిపితే ఇంకా నవ్వొస్తుంది. డార్ట్‌మండ్ అతన్ని కోటిన్నరకు కొని, ఒక్క ఏడాదిలో బార్సిలోనాకు పది కోట్లకు పైగా పెట్టి అమ్మింది. దివాలా అంచు చూసొచ్చినవాడు, నెయ్‌మార్ చెక్కు జేబులో పెట్టుకుని బజారుకొచ్చినవాడికి.

గాదె ఖాళీ చేసుకున్న క్లబ్బు సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. ఇంగ్లండ్‌లో లీడ్స్ యునైటెడ్ రాబోయే ఆదాయాన్ని నమ్ముకుని పెద్ద అప్పులు తెచ్చి 2001లో ఛాంపియన్స్ లీగ్ సెమీస్ దాకా వెళ్లింది. మూడేళ్లకు కింది డివిజన్‌లో ఉంది. స్టేడియం అమ్మారు, శిక్షణ మైదానం అమ్మారు, సొంత అకాడమీ కుర్రాడు జేమ్స్ మిల్నర్‌ను పద్దెనిమిదేళ్లకే అమ్మారు. చైర్మన్ గదిలో బంగారు చేపల తొట్టి అద్దెకు తెచ్చారని బయటపడితే జనం దాన్నే పట్టుకున్నారు. అలాంటప్పుడు అందరికీ చేపల తొట్టే కనిపిస్తుంది. మా బ్రాంచిలోనూ కోతలంటే ముందు టీ ఖర్చు ఆపుతారు. లీడ్స్ ప్రీమియర్ లీగ్‌కు తిరిగి రావడానికి 2020 దాకా పట్టింది.

ఇంత దూరం దేశాల గురించి రాస్తూ మన ఇంటిది వదిలేస్తే తప్పవుతుంది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్ అయింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కోవిడ్ వల్ల ఆ సీజనంతా గోవాలోనే జరిగింది. అంటే గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే మన ఊరు ఛాంపియన్ అయింది. మరుసటి ఏడు రెండో స్థానం. ఆ పై ఏడు జీతాలు అందక సీజన్ మధ్యలోనే విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోవద్దని నిషేధం పెట్టింది. కుర్రాళ్లతో నెట్టుకొచ్చి సీజన్ మొత్తం మీద ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున నిలిచారు. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది.

అక్కడ కోత కాదు, ఎగవేత జరిగింది. రెండింటికీ తేడా ఉంది. డార్ట్‌మండ్ ఆటగాళ్లను కూర్చోబెట్టి 20 శాతం వదులుకోమని అడిగారు, వాళ్లు ఒప్పుకున్నారు. అడక్కుండా నెలల తరబడి జీతం ఆపితే అది పొదుపు అవదు. కూలివాడి దగ్గర తీసుకున్న వడ్డీలేని అప్పు అవుతుంది. హైదరాబాద్‌లో మ్యాచ్‌కు వచ్చే డెబ్బై వేల మంది లేరు, రోడ్డెక్కి అడిగే సభ్యులు లేరు. క్లబ్బు పుట్టిందే 2019లో, పుణె క్లబ్బు మూతపడితే దాని స్థానంలో. ఎక్కడో మూతపడి ఇక్కడికి వచ్చింది, ఇక్కడ చితికి ఇంకెక్కడికో పోయింది. కౌలుకు తీసుకున్న పొలానికి ఎరువు ఎవరు వేస్తారు?

చివరిగా బార్సిలోనా స్టేడియం, క్యాంప్ నౌ. 2023 ఏప్రిల్‌లో 145 కోట్ల యూరోల అప్పు, స్టేడియం తిరిగి కట్టడానికి. 135 కోట్ల అప్పే భారమనుకుంటే ఇంకో 145! మిత్రులు గుండెలు బాదుకున్నారు. విచిత్రంగా నాకు ఈ అప్పు మీద పెద్దగా అభ్యంతరం లేదు. స్టేడియం నలభై, యాభై ఏళ్లు సంపాదిస్తుంది, తీర్చే డబ్బు దాని నుంచే వస్తుంది, గడువూ అందుకు తగ్గట్టే ఉంది. కొబ్బరి తోట అప్పు ఇది. నా భయం వేరే. 2024 చివర్లో తమ ఆటగాడు దానీ ఓల్మోను నమోదు చేయడానికి చోటు లేకపోతే, ఇంకా కట్టడం పూర్తికాని స్టేడియంలో వీఐపీ సీట్లను సుమారు 10 కోట్లకు ముందే అమ్మేశారు. కాయలు రాకముందే తోటను గుత్తకిచ్చేయడం మా వైపు బాగా తెలిసిన పనే. ఆ డబ్బు కూడా వంకాయ నారుకే పోయింది.

2025 నవంబరు 22న, రెండున్నరేళ్ల తర్వాత అక్కడ మళ్లీ లీగ్ మ్యాచ్ జరిగింది. అథ్లెటిక్ బిల్బావోతో. అనుకున్న దానికన్నా ఏడాది ఆలస్యం, పై అంతస్తు అప్పటికింకా లేదు, 45 వేల మందికే అనుమతి. మన టైము రాత్రి ఎనిమిదీ ముప్పావుకే కాబట్టి సౌండు తగ్గించాల్సిన పని లేకుండా చూశాను. నాలుగో నిమిషంలో మొదటి గోలు. కొత్త స్టేడియంలో మొదటి గోలు కొట్టినవాడు ముప్ఫై ఏడేళ్ల రాబర్ట్ లెవాండోస్కీ.

హాస్టల్ నుంచి మా అబ్బాయి మెసేజ్ వచ్చింది. "ఇప్పుడేమంటావ్ నాన్నా?"

ఇంకా జవాబు ఇవ్వలేదు.